సర్వీస్ డిస్కవరీ బ్రిడ్జి: ఉన్నది కనిపించాలి, లేనిది కనిపించకూడదు

అయిదంతస్తుల శిక్షణ కేంద్రం ఒకటి. సమావేశ గదుల గోడల మీద పెద్ద డిస్‌ప్లేలు. నెట్‌వర్క్‌లో పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునే పద్ధతుల్లో, అంటే సర్వీస్ డిస్కవరీ ప్రోటోకాళ్లలో, వాటికి యూపీఎన్‌పీ తప్ప ఇంకోటి తెలియదు. ప్రింటర్లు పాతవే అయినా గట్టివి. తాము ఉన్నామని చెప్పుకోవడానికి వాటికి ఉన్న దారి ఎస్‌ఎల్‌పీ ఒక్కటే. వచ్చిపోయేవాళ్ల ల్యాప్‌టాప్‌లు, ఫోన్లలో ఉన్న ఆ కేంద్రం సొంత యాప్ మాత్రం ఎండీఎన్‌ఎస్‌లో వెతుకుతాయి. కెమెరాలు డబ్ల్యూఎస్-డిస్కవరీలో మాట్లాడతాయి. అన్నిటికీ ఐపీ అడ్రస్ ఉంది, పింగ్ చేస్తే పలుకుతాయి. అయినా గదిలో కూర్చున్న మనిషికి ఎదురుగా ఉన్న డిస్‌ప్లే తన ఫోన్‌లో కనపడదు.

మా టీమ్‌కు అప్పజెప్పిన పని ఇవన్నీ ఒకదానికొకటి కనపడేలా చేయడం. షరతులు రెండు. పరికరాల ఫర్మ్‌వేర్ ముట్టుకోకూడదు, ఎందుకంటే అది మన చేతిలో లేదు. యాప్‌నూ మార్చకూడదు, ఎందుకంటే అది ఇప్పటికే అందరి ఫోన్లలో ఉంది. అంటే మధ్యలో నిలబడి, ఒకరి మాట ఇంకొకరికి చేరవేసే బ్రిడ్జి రాయాలి.

ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట ముందే చెప్పేస్తాను. ప్యాకెట్‌ను ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మార్చడం ఇందులో తేలికైన భాగం. కష్టమంతా బ్రిడ్జి ఇంకో పరికరం తరఫున పూచీ పడటంలో ఉంది. "ఆ డిస్‌ప్లే ఉంది, ఇక్కడుంది, ఇలా వాడుకో" అని బ్రిడ్జి చెప్పినప్పుడు, ఆ మాట ఎంతసేపు నిజం? వాడబోతే నిజంగా పనిచేస్తుందా? మేం తీసుకున్న ముఖ్యమైన నిర్ణయాలన్నీ ఈ రెండు ప్రశ్నల చుట్టూ తిరిగాయి.

ఎవరి దారి వాళ్లది

ఈ ప్రోటోకాళ్లు ఒకదానితో ఒకటి కలవవంటే, ఒక్కోటి ఒక్కో అవసరం కోసం పుట్టింది కాబట్టే. ఎస్‌ఎల్‌పీ రెండో వెర్షన్ 1999 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 2608 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చింది. దాని చూపు పెద్ద సంస్థల నెట్‌వర్క్‌ల మీద. వెతికేవాళ్లకు యూజర్ ఏజెంట్, సేవ ఇచ్చేవాళ్లకు సర్వీస్ ఏజెంట్, కావాలంటే మధ్యలో డైరెక్టరీ ఏజెంట్. "ఫలానా అంతస్తులో రంగుల్లో వేసే ప్రింటర్" అని ఎల్‌డాప్ (డైరెక్టరీల్లో వెతికే ప్రోటోకాల్) తరహా ఫిల్టర్ పెట్టి మరీ అడగొచ్చు.

యూపీఎన్‌పీ ఇంటి పరికరాల కోసం వచ్చింది. అందులో వెతుకులాట చూసుకునే ఎస్‌ఎస్‌డీపీ మొదట ఒక ఇంటర్నెట్ డ్రాఫ్ట్. ఆ డ్రాఫ్ట్ గడువు తీరిపోయింది గానీ, ప్రోటోకాల్ యూపీఎన్‌పీ నిర్దేశంలో భాగమై నిలిచిపోయింది. ఎండీఎన్‌ఎస్ కథ వేరు. ఆపిల్‌టాక్‌లో ఉన్న "ప్లగ్ పెడితే పేరు కనపడటం" అనే సౌకర్యాన్ని ఐపీ మీదికి తేవాలన్నది అసలు ఉద్దేశం. ఆపిల్ దాన్ని 2002లో రాండెవూ పేరుతో విడుదల చేసి, 2005లో బాంజూర్ అని మార్చింది. ఆర్‌ఎఫ్‌సీ 6762, 6763గా అది అచ్చయ్యేసరికి 2013 ఫిబ్రవరి వచ్చింది. అప్పటికి కోట్ల పరికరాల్లో ఎవరి పద్ధతి వాళ్లకు స్థిరపడిపోయింది.

1999లోనే సన్ కంపెనీ తెచ్చిన జినీ గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. అందులో వెతికితే దొరికేది ఒక జావా ఆబ్జెక్ట్. దాన్ని పిలిస్తేనే సేవ అందుతుంది. కనుక్కోవడం, వాడుకోవడం అంతగా పెనవేసుకున్న చోట జావా లేని పరికరానికి బ్రిడ్జి కట్టినా ఫలితం ఉండదు. మా దగ్గర జినీ లేకపోయినా, ఈ విషయం మాకు తర్వాత బాగా పనికొచ్చింది.

బయటికి చూస్తే ఎస్‌ఎస్‌డీపీ, ఎండీఎన్‌ఎస్, ఎస్‌ఎల్‌పీ మూడూ మల్టీకాస్టే, అంటే ఒక గ్రూపు అడ్రస్‌కు పంపితే అందులో చేరినవాళ్లందరికీ అందుతుంది. ఎస్‌ఎస్‌డీపీ 239.255.255.250 గ్రూపులో 1900 పోర్టు, ఎండీఎన్‌ఎస్ 224.0.0.251లో 5353, ఎస్‌ఎల్‌పీ 239.255.255.253లో 427. లోపల పోలికే లేదు. ఎస్‌ఎస్‌డీపీ సందేశం హెచ్‌టీటీపీ హెడర్ల లాంటి మామూలు టెక్స్ట్. ఎండీఎన్‌ఎస్ డీఎన్‌ఎస్ ప్యాకెట్. ఎస్‌ఎల్‌పీ తన సొంత బైనరీ రూపం.

ఒక డిస్‌ప్లేకు పవర్ ఇచ్చినప్పుడు ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూస్తే తేడా అర్థమవుతుంది. అది మీడియా రెండరర్ (వీడియో, పాట ప్లే చేసే) రకం పరికరం, లోపల మూడు సేవలు. యూపీఎన్‌పీ నియమం ప్రకారం రూట్ పరికరానికి మూడు నోటిఫై సందేశాలు, ఆపైన ఒక్కో సేవారకానికి ఒకటి పంపాలి. అంటే ఒక్క డిస్‌ప్లే "నేనున్నాను" అని ఆరు సార్లు చెబుతుంది. యూడీపీలో (అందిందో లేదో చూడని పద్ధతి) పోతాయేమోనని ఆ ఆరింటినీ మళ్లీ పంపుతుంది. ప్రతి దాంట్లో యూఎస్‌ఎన్ (ఆ ప్రకటన గుర్తింపు) వేరు, కానీ అందులోని యూయూఐడీ (ఆ పరికరం గుర్తింపు సంఖ్య) ఒకటే. ఏ సందేశంలోనూ డిస్‌ప్లే పేరు ఉండదు. లొకేషన్ హెడర్‌లో ఒక యూఆర్‌ఎల్ ఉంటుంది. దాన్ని హెచ్‌టీటీపీలో తెచ్చుకుని ఎక్స్‌ఎంఎల్ (పరికరం వివరాల ఫైల్) విప్పితేనే పేరు, మోడల్, ప్రెజెంటేషన్ యూఆర్‌ఎల్ తెలుస్తాయి.

ఎండీఎన్‌ఎస్‌లో ఇదంతా మూడు రికార్డుల్లో అయిపోతుంది. పీటీఆర్‌లో పేరు, ఎస్‌ఆర్‌వీలో హోస్ట్, పోర్టు, టీఎక్స్‌టీలో మిగతా వివరాలు. ఒక్క జవాబులో అన్నీ వచ్చేస్తాయి. కాబట్టి యూపీఎన్‌పీ వైపు వచ్చిన ఆరు సందేశాలనూ యూయూఐడీ ఆధారంగా ఒక్కటిగా మడిచి, ఎక్స్‌ఎంఎల్ తెచ్చుకుని, ఆ తర్వాతే ఎండీఎన్‌ఎస్ వైపు నోరు విప్పాలి. సందేశానికి సందేశం చొప్పున మార్చే బ్రిడ్జి ఇక్కడే చేతులెత్తేస్తుంది.

నిర్మాణం

మా నిర్మాణానికి ఆధారమైన ఆలోచన కొత్తది కాదు. 2005లో మిడిల్‌వేర్ సదస్సులో బ్రోంబెర్గ్, ఇస్సార్నీ ప్రచురించిన ఇండిస్ అనే పనిలో ఇది స్పష్టంగా ఉంది. ఏ గ్రూపులో, ఏ పోర్టులో ప్యాకెట్ వచ్చిందో చూస్తే అది ఏ ప్రోటోకాలో తెలిసిపోతుంది. ఆ ప్రోటోకాల్ పార్సర్ ప్యాకెట్‌ను చిన్న చిన్న ఈవెంట్లుగా విడగొడుతుంది. అవతలి ప్రోటోకాల్ కంపోజర్ తనకు అర్థమయ్యే ఈవెంట్లను ఏరుకుని తన ప్యాకెట్ కడుతుంది. మిగతావి వదిలేస్తుంది. ప్రోటోకాళ్లు పెరిగినకొద్దీ ప్రతి జంటకూ ఒక మార్పిడి రాసే తలనొప్పి ఉండదు. ఒక్కోదానికి ఒక జత పార్సర్, కంపోజర్ చాలు.

మేం దానికి ఒకటి చేర్చాం. ఈవెంట్లు నేరుగా అవతలి వైపుకు పోవు. మధ్యలో ఒక రిజిస్టర్ ఉంటుంది. ప్రతి పరికరానికి ఒక నమోదు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎంతసేపు చెల్లుతుంది, చివరిసారి మనంతట మనం సరిచూసింది ఎప్పుడు అనే నాలుగు విషయాలు అందులో తప్పకుండా ఉంటాయి. పేరు, పోర్టు లాంటివి ఆ తర్వాత.

రిజిస్టర్ కావాల్సి రావడానికి సమయాల తేడా కూడా ఒక కారణం. ఎండీఎన్‌ఎస్‌లో ఇలాంటి ప్రశ్నకు జవాబు 20 నుంచి 120 మిల్లీసెకన్ల ఆలస్యంతో వస్తుందని అడిగేవాడు ఆశిస్తాడు. ఎస్‌ఎస్‌డీపీలో ఎం-సెర్చ్ అనే వెతుకులాట సందేశం పంపితే ఎంఎక్స్ హెడర్‌లో ఉన్న సెకన్ల లోపు ఎప్పుడైనా జవాబు రావచ్చు, యూపీఎన్‌పీ 1.1లో అది 5 సెకన్ల దాకా. ఫోన్ అడిగాక అవతలికి వెళ్లి కనుక్కుని వచ్చేలోపు యాప్ లిస్టు ఖాళీగా కనపడుతుంది. ఎండీఎన్‌ఎస్‌లో ఆలస్యంగా వచ్చిన ప్రకటనను కూడా తీసుకుంటారు కాబట్టి అది ప్రాణాంతకం కాదు. అయినా ఖాళీ లిస్టు చూసిన మనిషి అయిదు సెకన్లు ఆగడు, వెనక్కి వెళ్లిపోతాడు. అందుకని ముందే విని పెట్టుకోవాలి.

పాత ప్రింటర్ ఒకటి

రకాల మార్పిడి పేర్ల పట్టిక లాంటిదనుకుంటారు చాలామంది. ఒక్క ప్రింటర్‌ను తీసుకుంటే అదెంత లోతో తెలుస్తుంది.

ల్యాప్‌టాప్ "_ఐపీపీ._టీసీపీ.లోకల్" అని పీటీఆర్ ప్రశ్న అడిగింది, అంటే ఐపీపీ అనే ప్రింటింగ్ ప్రోటోకాల్ తెలిసిన ప్రింటర్ ఎవరని. ఎస్‌ఎల్‌పీలో దానికి దగ్గరగా ఉన్నది "సర్వీస్:ప్రింటర్". అడిగితే మా ప్రింటర్ ఇచ్చిన సర్వీస్ యూఆర్‌ఎల్‌లో ప్రోటోకాల్ ఎల్‌పీఆర్ (ఇంకో పాత ప్రింటింగ్ పద్ధతి) అని ఉంది. ఇప్పుడు దీన్ని ఐపీపీ ప్రింటర్‌గా ప్రకటిస్తే ల్యాప్‌టాప్ 631 పోర్టుకు పోయి తలుపు తడుతుంది, అక్కడ ఎవరూ ఉండరు. ఎల్‌పీఆర్‌కు డీఎన్‌ఎస్-ఎస్‌డీలో (ఎండీఎన్‌ఎస్ మీద సేవలను వర్ణించే పద్ధతి) వేరే రకం ఉంది, "_ప్రింటర్._టీసీపీ". దాని కింద, 515 పోర్టుతో ప్రకటించాలి. ఎల్‌పీఆర్ యూఆర్‌ఎల్ చివర ఉన్న క్యూ పేరు టీఎక్స్‌టీలో "ఆర్‌పీ" అనే కీలోకి వెళ్లాలి. అది లేకపోతే ప్రింటర్ కనిపిస్తుంది, జోడవుతుంది, కాగితం మాత్రం బయటికి రాదు. ఏ ఫార్మాట్లు అర్థమవుతాయో చెప్పే ఎస్‌ఎల్‌పీ గుణం "పీడీఎల్" కీలోకి వెళ్లాలి.

తిరగేసి చూస్తే, ఎస్‌ఎల్‌పీలో ఉన్న ఫిల్టర్ ఎండీఎన్‌ఎస్‌లో లేదు. అక్కడ అందరినీ రప్పించి, టీఎక్స్‌టీ చదివి వెతికేవాడే ఏరుకోవాలి. కాబట్టి ఎస్‌ఎల్‌పీ క్లయింట్ ఫిల్టర్ పెట్టి అడిగితే, ఆ వడపోత మా రిజిస్టర్ మీద మేమే చేయాలి. నమోదులో ఆ గుణం లేకపోతే? తెలియదు కాబట్టి ఇవ్వకూడదని నిర్ణయించాం. రంగుల ప్రింటర్ అడిగినవాడికి రంగుందో లేదో తెలియని ప్రింటర్ చూపించడం మాకు సబబుగా అనిపించలేదు.

డిస్‌ప్లేల విషయంలో అదృష్టం బాగుంది. వాటి ఎక్స్‌ఎంఎల్‌లో ప్రెజెంటేషన్ యూఆర్‌ఎల్ ఉంది, అది ఫైల్ పంపితే తెర మీద చూపించే వెబ్ పేజీ. యాప్ వెతికేదీ "_హెచ్‌టీటీపీ._టీసీపీ" సేవల కోసమే. యూఆర్‌ఎల్‌లోని దారిని టీఎక్స్‌టీ "పాత్" కీలో పెట్టి ప్రకటించాం. కనుక్కోవడానికి భాష వేరు, వాడుకోవడానికి భాష ఒకటే. బ్రిడ్జి బాగా పనిచేసేది ఇలాంటి చోటే.

ఇందుకు ఉల్టా ఉదాహరణ కూడా వచ్చింది. కొత్తగా తెచ్చిన స్పీకర్లు ఎండీఎన్‌ఎస్‌లో మాత్రమే కనిపిస్తాయి. గదులను నడిపే పాత సాఫ్ట్‌వేర్ యూపీఎన్‌పీ మీడియా రెండరర్ల కోసమే వెతుకుతుంది. "వాటిని కూడా రెండరర్లుగా చూపించేయండి" అని అడిగారు. చేయడం కష్టమేమీ కాదు. ఒక నకిలీ ఎక్స్‌ఎంఎల్ మేమే హోస్ట్ చేసి లొకేషన్‌లో పెట్టేయొచ్చు. కానీ ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఏవీట్రాన్స్‌పోర్ట్ అనే ప్లేబ్యాక్ సేవకు సోప్‌లో (యూపీఎన్‌పీ ఆజ్ఞల రూపం) ప్లే అని పంపుతుంది. స్పీకర్‌కు అది అర్థం కాదు. లిస్టులో కనపడి నొక్కితే పలకని పరికరం, అసలు కనపడని పరికరం కంటే హీనం. మేం ఒప్పుకోలేదు. జినీ గురించి ముందు చెప్పింది ఇక్కడ పనికొచ్చింది. వాడుక భాష కలవని చోట కావాల్సింది డిస్కవరీ బ్రిడ్జి కాదు, నియంత్రణ సందేశాలను కూడా మార్చే గేట్‌వే. అది వేరే ప్రాజెక్టు, వేరే ఖర్చు, వేరే బాధ్యత.

కెమెరాలను కూడా కావాలనే వదిలేశాం. డబ్ల్యూఎస్-డిస్కవరీ ఎస్‌ఎస్‌డీపీ వాడే గ్రూపు అడ్రస్‌నే వాడుతుంది, పోర్టు మాత్రం 3702. పార్సర్ రాయడం పెద్ద పనేం కాదు. కానీ శిక్షణకు వచ్చినవాళ్ల ఫోన్లలో భద్రతా కెమెరాల జాబితా కనపడాల్సిన అవసరం ఎవరికీ లేదు.

కాలం దగ్గరే అసలు చిక్కు

ఒక గదిలో డిస్‌ప్లే ప్లగ్ పీకేశారు. బటన్‌తో ఆపితే అది "బైబై" సందేశం పంపేది. ప్లగ్ పీకితే ఆ అవకాశం ఉండదు. దాని చివరి నోటిఫైలో మ్యాక్స్-ఏజ్ 1800 అని ఉంది, యూపీఎన్‌పీ సూచించే కనీసం అదే. అంటే అరగంట పాటు నెట్‌వర్క్ దృష్టిలో అది ఉన్నట్టే. ఇప్పుడు బ్రిడ్జి అమాయకంగా ఎండీఎన్‌ఎస్ సూచించిన గడువులు వాడిందనుకుందాం. హోస్ట్ పేరుతో ముడిపడిన ఎస్‌ఆర్‌వీ లాంటి రికార్డులకు 120 సెకన్లు, పీటీఆర్ లాంటి మిగతావాటికి 75 నిమిషాలు. ఆ అరగంట ముగిసే ముందు క్షణంలో ఒక ఫోన్‌కు పీటీఆర్ ఇస్తే, అది ఇంకో 75 నిమిషాలు దాచుకోవచ్చు. మొత్తం 105 నిమిషాల పాటు లేని డిస్‌ప్లే లిస్టులో ఉంటుంది. రెండు ప్రోటోకాళ్లూ తమ నియమాలు తాము సరిగ్గానే పాటించాయి. అబద్ధం పుట్టింది మధ్యలో.

"సార్, లిస్టులో ఉందండీ, నొక్కితే తిరుగుతూనే ఉంది" అనే ఫోన్ కాల్ వెనుక ఉండేది చాలాసార్లు ఇదే. ప్రెజెంటేషన్ మొదలుపెట్టాల్సిన మనిషి టెన్షన్‌లో తన ఫోన్‌ను, వైఫైని, చివరికి తనను తాను అనుమానించుకుంటాడు. అందుకే ఈ భాగం మీద మేం ఎక్కువ సమయం పెట్టాం.

నియమం ఇలా పెట్టుకున్నాం. బ్రిడ్జి ప్రకటించే ఏ రికార్డుకైనా గడువు, అసలు పరికరం ఇచ్చిన గడువులో మిగిలినదాన్ని మించకూడదు, 120 సెకన్లనూ మించకూడదు. దీనికి మూల్యం ఉంది. ఎండీఎన్‌ఎస్‌లో లిస్టు తెరిచి ఉంచిన క్లయింట్ గడువులో 80 శాతం గడిచేసరికి మళ్లీ అడుగుతుంది, అంటే 96 సెకన్లకొకసారి. ట్రాఫిక్ పెరుగుతుంది. ఈ స్థాయి నెట్‌వర్క్‌లో ఆ మూల్యం చెల్లించవచ్చని నా అభిప్రాయం. వేల పరికరాలుంటే ఇంకోలా ఆలోచించాలి.

గడువు తగ్గించినంత మాత్రాన సరిపోదు, సరిచూడాలి కూడా. డిస్‌ప్లేలకు లొకేషన్ యూఆర్‌ఎల్‌ను మధ్యమధ్యలో అడుగుతాం. వరసగా పలకకపోతే గడువు మిగిలి ఉన్నా టీటీఎల్ (రికార్డు గడువు) 0తో వీడ్కోలు ప్రకటన పంపేస్తాం. విన్నవాళ్లు సెకనులో ఆ రికార్డు తీసేస్తారు. వైఫైలో మల్టీకాస్ట్ ప్యాకెట్‌కు అందినట్టు రసీదు ఉండదు కాబట్టి ఆ వీడ్కోలును కొన్నిసార్లు పంపాలి. ప్రింటర్ల దగ్గర ఇంకో మెలిక ఉంది. టీసీపీ కనెక్షన్ తెరిచి చూస్తే కొన్ని ప్రింటర్లు నిద్రలోంచి లేచి వేడెక్కడం మొదలుపెడతాయి. పదే పదే అలా లేపడం కరెంటుకూ దండగ, యంత్రానికీ చేటు. అందుకని వాటిని ఏఆర్‌పీతోనే (ఈ ఐపీ ఎవరిదని అడిగే చిన్న ప్రశ్న) పలకరిస్తాం. నెట్‌వర్క్ కార్డు ఒక్కటే మేలుకుని జవాబిస్తుంది. ఆ జవాబు ప్రింటర్ పనిచేస్తుందని చెప్పదు, ఉందని మాత్రం చెబుతుంది. డిస్కవరీకి అంత చాలు.

ఎస్‌ఎల్‌పీ గడువు 16 బిట్ల సంఖ్య, గరిష్ఠంగా 65,535 సెకన్లు, అంటే 18 గంటలకు పైనే. ఆ సంఖ్యను మేం నమ్మలేదు. ఆ ప్రింటర్లను మేమే క్రమం తప్పకుండా అడుగుతాం.

నాలుగు నిమిషాల తర్వాత మాయం

ట్రయల్‌లో ఒక అంతస్తులో విచిత్రం కనపడింది. డిస్‌ప్లే ఆన్ చేయగానే బ్రిడ్జికి కనిపిస్తుంది. నాలుగు నిమిషాలు దాటాక వెతికితే దొరకదు. పింగ్ పలుకుతుంది, వెబ్ పేజీ తెరుచుకుంటుంది. ఎండీఎన్‌ఎస్‌కు ఏ ఇబ్బందీ లేదు. ఎస్‌ఎస్‌డీపీ ఒక్కటే చచ్చిపోతుంది.

ప్యాకెట్లు పట్టి చూస్తే బ్రిడ్జి ఎం-సెర్చ్ పంపుతోంది, డిస్‌ప్లే ఉన్న పోర్టులోంచి అది బయటికి రావడం లేదు. కారణం స్విచ్‌లో ఉన్న ఐజీఎంపీ స్నూపింగ్. స్విచ్ ఏ పోర్టులో ఎవరు ఏ గ్రూపులో చేరారో చూసి, వాళ్లకే ఆ గ్రూపు ప్యాకెట్లు ఇస్తుంది. డిస్‌ప్లే ఆన్ అవగానే చేరుతున్నానని చెబుతుంది. ఆ తర్వాత నెట్‌వర్క్‌లో ఎవరో ఒక క్వెరియర్ "ఇంకా ఉన్నారా" అని అడుగుతూ ఉంటేనే మళ్లీ చెబుతుంది. ఆ అంతస్తులో క్వెరియర్ లేడు. మామూలు విలువల ప్రకారం ప్రశ్నల మధ్య 125 సెకన్లు, రెండు విడతలు, జవాబుకు 10 సెకన్లు కలిపి 260 సెకన్లకు సభ్యత్వం మాసిపోతుంది. నమోదు లేని గ్రూపు ప్యాకెట్లను పారేసేలా ఆ స్విచ్‌లు సెట్ చేసి ఉన్నాయి.

మరి ఎండీఎన్‌ఎస్ ఎలా బతికింది? 224.0.0 తో మొదలయ్యే అడ్రసులు లోకల్ లింక్‌కు కేటాయించినవి. వాటిని స్నూపింగ్ చేయకుండా అన్ని పోర్టులకూ పంపాలని ఆర్‌ఎఫ్‌సీ 4541 సిఫారసు చేస్తుంది. 239తో మొదలయ్యేవాటికి ఆ రక్షణ లేదు. ఎస్‌ఎస్‌డీపీ, ఎస్‌ఎల్‌పీ రెండూ 239 వైపువే. క్వెరియర్ ఆన్ చేయించాక సమస్య పోయింది. బ్రిడ్జి కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. "ఒక ప్రోటోకాల్ పనిచేస్తోంది కాబట్టి మల్టీకాస్ట్ బాగానే ఉంది" అని ఎవరైనా అంటే, ఏ అడ్రసులో చూశారని అడగండి.

రెండు బ్రిడ్జిలు

అంతస్తుకో వీలాన్ (విడిగా వేరు చేసిన నెట్‌వర్క్ భాగం), ఒకటి పడిపోతే ఇంకోటి ఉండాలని రెండు బ్రిడ్జి యంత్రాలు. రెంటికీ ప్రతి వీలాన్‌లో ఒక కాలు. రెండు బ్రిడ్జిలు ఉన్నప్పుడు ప్రతిధ్వని భయం ఉంటుంది. ఒకటి ఎస్‌ఎల్‌పీ ప్రింటర్‌ను ఎండీఎన్‌ఎస్‌లో ప్రకటిస్తుంది. రెండోది దాన్ని విని, కొత్త పరికరమనుకుని ఎస్‌ఎల్‌పీలో ప్రకటిస్తుంది. మొదటిది మళ్లీ వింటుంది. అసలు ప్రింటర్ ఆపేసినా ఇద్దరూ ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకుంటూ దాన్ని శాశ్వతంగా బతికిస్తారు.

దీనికి రెండు జాగ్రత్తలు తీసుకున్నాం. బ్రిడ్జి చేసే ప్రతి ప్రకటనలో తనదని తెలిసే గుర్తు ఉంటుంది. ఎండీఎన్‌ఎస్‌లో టీఎక్స్‌టీలో ఒక కీ, ఎస్‌ఎస్‌డీపీలో సర్వర్ హెడర్. ఆ గుర్తున్న ప్రకటన రిజిస్టర్‌లోకి ఎప్పటికీ పోదు. రెండోది, ప్రకటనలో ఉండే ఏ విలువా బ్రిడ్జిని బట్టి మారకూడదు. యూయూఐడీ కావాల్సిన చోట అసలు పరికరం గుర్తింపు నుంచి అయిదో రకం యూయూఐడీ లెక్కగడతాం, కాబట్టి రెండు బ్రిడ్జిలకూ ఒకటే వస్తుంది. ఎస్‌ఆర్‌వీలో హోస్ట్‌గా అసలు పరికరమే ఉంటుంది, బ్రిడ్జి కాదు. ఎండీఎన్‌ఎస్‌లో ఇద్దరు ఒకే పేరుకు వేర్వేరు విలువలు చెబితే అది గొడవ, ఒకరు పేరు మార్చుకోవాలి, లిస్టులో "డిస్‌ప్లే (2)" లాంటివి పుడతాయి. విలువలు అచ్చంగా ఒకటే అయితే గొడవే లేదు. దీంతో రెండు యంత్రాలూ తమలో తాము మాట్లాడుకోకుండానే కలిసి పనిచేస్తాయి.

భద్రత

బ్రిడ్జి అంటే ఎవరు పంపిన ప్యాకెట్‌నైనా చదివి, అందులో చెప్పిన చోటికి వెళ్లి ఫైల్ తెచ్చుకునే యంత్రం. లొకేషన్ హెడర్‌లో ఎవరైనా లోపలి సర్వర్ అడ్రస్ పెడితే, బ్రిడ్జి తన కాళ్లతో అక్కడికి నడిచి వెళ్తుంది. అందుకని లొకేషన్‌లో ఉన్న ఐపీ, ప్యాకెట్ పంపిన ఐపీ ఒకటే అయితేనే తెస్తాం. పరిమాణానికి హద్దు, సమయానికి హద్దు ఉన్నాయి. ఎక్స్‌ఎంఎల్‌లో బయటి ఎంటిటీలు (బయటి ఫైళ్లను లాగే సూచనలు) తెరవడం పూర్తిగా ఆపేశాం.

ఎస్‌ఎల్‌పీ దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2023 ఏప్రిల్‌లో బయటపడిన సీవీఈ-2023-29552 లోపంతో, దొంగ చిరునామాతో పంపిన చిన్న ప్రశ్నకు 2200 రెట్ల దాకా పెద్ద జవాబు రప్పించి, దాన్ని బాధితుడి మీదికి మళ్లించవచ్చని తేలింది. దానికి దారి, ఎవరైనా ముందుగా సర్వర్‌లో ఇష్టమొచ్చినన్ని సేవలు నమోదు చేయగలగడం. మా బ్రిడ్జి ఎస్‌ఎల్‌పీలో నమోదు అభ్యర్థనలు అసలు తీసుకోదు. అదే సబ్‌నెట్ నుంచి రాని ప్రశ్నకు జవాబివ్వదు. 427 పోర్టు బయటి నెట్‌వర్క్ వైపు మూసే ఉంటుంది.

పేర్లు

డీఎన్‌ఎస్-ఎస్‌డీలో పరికరం పేరుకు 63 బైట్ల హద్దు ఉంది. యూటీఎఫ్-8లో తెలుగు లిపి యూనికోడ్ గుర్తు ఒక్కోటి 3 బైట్లు. "రెండో అంతస్తు సమావేశ గది" అనే పేరులో 21 తెలుగు గుర్తులు, 3 ఖాళీలు, మొత్తం 66 బైట్లు. 63 దగ్గర కోస్తే చివరి గుడి ఎగిరిపోయి గది కాస్తా గద అవుతుంది. గుణింతం గుర్తులు, వత్తులు విడివిడి గుర్తులుగా ఉండే ఏ లిపికైనా ఇదే పరిస్థితి. మేం మాట మధ్యలో కోయం. ఇముడుతున్న చివరి మాట దాకా ఉంచి, రెండు పేర్లు ఒకేలా తేలితే యూయూఐడీలోంచి నాలుగు అక్షరాలు చేరుస్తాం. యూపీఎన్‌పీ హద్దు బైట్లలో కాక అక్షరాల్లో ఉంటుంది కాబట్టి అటు వైపు ఈ పేచీ లేదు.

ఇప్పుడున్న స్థితి

డిస్‌ప్లేలు, ప్రింటర్లు ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో కనిపిస్తున్నాయి. ఆపేసినవి రెండు మూడు నిమిషాల్లో లిస్టులోంచి పోతున్నాయి. స్పీకర్ల కోసం గేట్‌వే కావాలా వద్దా అన్నది కేంద్రం వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం.

తీరనిది వైఫై. యాక్సెస్ పాయింట్లు మల్టీకాస్ట్‌ను మామూలుగా అతి తక్కువ వేగంలో పంపుతాయి. మా 120 సెకన్ల గడువు వల్ల పెరిగిన ప్రశ్నలు, జనం నిండిన హాల్లో ఆ గాలి సమయాన్ని తింటాయి. గడువు పెంచితే లేని డిస్‌ప్లేలు తిరిగొస్తాయి. అందుకని వైఫై వైపు మల్టీకాస్ట్‌నే తగ్గించే దారి చూస్తున్నాం. 2020 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8766లో డిస్కవరీ ప్రాక్సీ ఉంది. క్లయింట్ మామూలు యూనికాస్ట్ డీఎన్‌ఎస్‌లో అడిగితే, ప్రాక్సీ లింక్ మీద ఎండీఎన్‌ఎస్‌లో కనుక్కుని చెబుతుంది. మా రిజిస్టర్‌లో జవాబులు ఎలాగూ సిద్ధంగా ఉంటాయి కాబట్టి, ఆ ప్రాక్సీని ఇంకో కంపోజర్‌గా రాస్తున్నాం. యాప్ వాడే ఎండీఎన్‌ఎస్ లైబ్రరీ ఏయే ఫోన్లలో యూనికాస్ట్ డొమైన్‌లో కూడా వెతుకుతుందో పరీక్షలు నడుస్తున్నాయి. వెతకని ఫోన్లకు మల్టీకాస్ట్ దారి అలాగే తెరిచి ఉంచుతాం.